సుడిగుండానికి రూపం ఏది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. ఉత్తరం పొడుగుగా వుంది. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"మాది నల్లగొండ జిల్లాలో పల్లెటూరు. పిల్లవాడి చదువు కోసం వచ్చి చైతన్యపురిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మావారు ఎల్.బి.నగర్‌లో ఒక కొట్టులో లెక్కలు రాస్తారు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇంజనీరింగు కోచింగుకు అప్పు చేసి ఫీజు కట్టాం. వాడికేమో పుస్తకం మీద దృష్టి నిలవదు. ఎక్కడినుంచో బంకమట్టి తెచ్చి డాబా మీద కూర్చుని బొమ్మలు చేస్తాడు. పోనీ వినాయకుణ్ణో, బుద్ధుణ్ణో చేస్తే నలుగురికీ చూపించుకోవచ్చు. అదీ లేదు. అన్నీ ముక్కూ మొహం లేని ముద్దలు. ఒకటి మొలకెత్తిన గింజలాగా వుంటుంది, ఒకటి నీళ్ళ అలలాగా వుంటుంది. మొన్న మా మరిది వచ్చి చూసి 'ఇడ్లీ పిండి పొంగినట్టుందేమిట్రా' అని నవ్వాడు. వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. శిల్పం నేర్చుకుంటాను, తరువాత పైదేశాలు వెడతాను అంటాడు. రూపం లేని బొమ్మలు చేసి బతికినవాడు మనవాళ్ళలో ఎవడైనా వున్నాడా? వుంటే చెప్పండి. లేకపోతే వాడికి నాలుగు బుద్ధులైనా చెప్పండి."

అమ్మా, వున్నాడు. ఆ మనిషి కథ చెబుతాను. అందులో తీపి వుంది, చేదూ వుంది. రెండూ వినండి. పిల్లవాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

ఎన్. కృష్ణారెడ్డి గారు 1925 జూలై 15న చిత్తూరు దగ్గర నందనూరు అనే చిన్న పల్లెలో పుట్టారు. 1940ల మొదట్లో, ఇంచుమించు మీ అబ్బాయి వయసులోనే, ఎక్కడో వంగదేశంలో వున్న శాంతినికేతనానికి వెళ్ళారు. ఇల్లు వదిలి పెట్టడం అదే మొదలు. అక్కడ నందలాల్ బోస్ గారు గురువు. ఆ ఆవరణలోనే రాంకింకర్ బైజ్ గారు 1938లో సిమెంటు, కంకర కలిపి చేసిన పెద్ద శిల్పం ఆరుబయట నిలబడి వుంటుంది. ఒక సంతాల్ కూలి కుటుంబం కావడి భుజాన వేసుకుని, బిడ్డను అందులో కూర్చోబెట్టుకుని, కుక్కను వెంటబెట్టుకుని పని వెదుక్కుంటూ పోతున్న దృశ్యం అది. మన కృష్ణారెడ్డి గారు విద్యార్థిగా వున్న రోజులన్నీ ఆ శిల్పం కళ్ళ ముందున్న రోజులే.

చదువు ముగిశాక 1947 నుంచి 1949 దాకా మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళా విభాగానికి పెద్దగా పనిచేశారు. శిల్పం మీద మనసు గట్టిగా నిలిచింది అక్కడే. 1949లో లండన్ వెళ్ళి స్లేడ్ కళాశాలలో చేరి, హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. మూర్ ఎవరంటే, పడుకున్న మనిషిని చెక్కితే ఆ మనిషి కొండలాగా కనిపించేటట్టు, మధ్యలో గుహ తొలిచినట్టు చెక్కే మహాశిల్పి. తరువాత పారిస్. అక్కడ జాడ్కిన్ అనే శిల్పి దగ్గర శిష్యరికం. 1957 ప్రాంతంలో ఇటలీలోని మిలాన్ నగరంలో మారినో మారినీ దగ్గర మరికొంత కాలం. మళ్ళీ పారిస్.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ రోజుల్లో పారిస్‌లో శిల్పులుగా పేరుపడ్డవాళ్ళలో ఎంతోమంది ఆ వూరివాళ్ళు కారు. జాడ్కిన్ రష్యా సామ్రాజ్యంలోని వీటెబ్‌స్క్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. కృష్ణారెడ్డి గారికి పరిచయమైన బ్రాంకూసీ రుమేనియాలోని ఒక పల్లెటూరి వాడు. అంటే మన దిల్‌సుఖ్‌నగర్ లాంటిదే అనుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచి పిల్లలంతా పెట్టె సర్దుకుని వచ్చి హాస్టలు గదుల్లో దిగినట్టు, ఆ కాలపు కళాకారులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పారిస్‌లో దిగారు.

మీ మరిది గారి నవ్వు సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆయనకు తోడు చాలామంది వున్నారు. ఆ బ్రాంకూసీ గారే కంచుతో ఒక పక్షిని చేశారు. రెక్కలు లేవు, ముక్కు లేదు, ఈకలు లేవు. నున్నగా, సన్నగా, పైకి లేచిన ఒక వంపు. అంతే. పక్షిని కాక పక్షి ఎగరడాన్ని చేశాను అన్న భావం. 1926లో దాన్ని ఓడ మీద అమెరికాకు పంపితే రేవులో సుంకం అధికారులు ఆపేశారు. కళాఖండానికి పన్ను లేదు. కాని ఇది కళాఖండమని వాళ్ళకు తోచలేదు. వంటింటి సామాను, ఆసుపత్రి సామాను వుండే పద్దులో వేసి నూటికి నలభై వంతున పన్ను కట్టమన్నారు! వ్యవహారం కోర్టుకెక్కింది. శిల్పులు, విమర్శకులు వచ్చి సాక్ష్యం చెప్పారు. చివరకు 1928లో న్యాయస్థానం అది శిల్పమేనని తీర్పు చెప్పింది. కనుక మీ మరిది గారు ఇడ్లీ పిండి అన్నందుకు అబ్బాయి అంత బాధపడనక్కరలేదు. అమెరికా ప్రభుత్వమే ఒకప్పుడు గరిటె అనుకుంది.

మనకు మాత్రం ఆ పొరపాటు రావలసిన పని లేదు. మీ వూళ్ళో బొడ్రాయి వుండే వుంటుంది. దానికి ముక్కూ మొహం వున్నాయా? వేపచెట్టు కింద రాయికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి పోచమ్మ అని చేతులు జోడిస్తాం. ఎల్.బి.నగర్ రోడ్డు మీద అంత రద్దీలోనూ అటువంటి రాయి కనిపిస్తే బండి మీద పోయేవాడు చెయ్యి గుండెకు తాకించుకుని పోతాడు. శివలింగానికి, సాలగ్రామానికి ఏ పోలిక చూసి మొక్కుతున్నాం? రూపం విడిచిపెట్టిన రాయిలో ఒక శక్తిని చూడడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే. ఇప్పుడు దాన్ని నైరూప్య శిల్పం అంటున్నారు. ఆ పేరొక్కటే కొత్త.

మళ్ళీ మన కథకు వద్దాం. పారిస్‌లో కృష్ణారెడ్డి గారి జీవితాన్ని మలుపు తిప్పింది ఒక అచ్చు పనిశాల. దాని పేరు ఆటెల్యే 17. దాన్ని 1927లో స్థాపించిన హేటర్ అనే ఇంగ్లీషాయన మొదట రసాయన శాస్త్రం చదివి, ఇరాన్‌లో చమురు కంపెనీలో ఉద్యోగం చేసి, తరువాత కళలోకి వచ్చినవాడు. పికాసో, మీరో, జియకొమెట్టి వంటివాళ్ళు ఆ పనిశాలలో పనిచేసి వెళ్ళారు. అక్కడ లోహపు రేకుల మీద బొమ్మ చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీస్తారు.

శిల్పి గురించి చెబుతూ అచ్చులోకి వెళ్ళారేమిటంటారా? కిటుకు అక్కడే వుంది. మామూలు చిత్రకారుడు జింకు రేకు మీద గీతలు గీస్తాడు. కృష్ణారెడ్డి గారు శిల్పి కనుక ఆ రేకును శిలగా చూశారు. ఉలులతో తవ్వారు, యాసిడ్‌తో తినిపించారు, గీకారు, నునుపు చేశారు. ఒకచోట లోయ, ఒకచోట గట్టు, ఒకచోట మెట్టు. పూర్తయిన రేకును చేత్తో తడిమితే గుడి గోడమీది అర్ధశిల్పంలాగా చేతికి ఎత్తుపల్లాలు తగులుతాయి. ఇలా ఒక్కొక్క రేకు మీద నెలల తరబడి కూర్చునేవారు.

ఇక రంగుల సంగతి. మన పత్రికల మీది రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు కావాలి. కృష్ణారెడ్డి గారు, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ గారు హేటర్ పనిశాలలో కలిసి ప్రయోగాలు చేసి, ఒక్క రేకు మీదనే అన్ని రంగులూ పట్టించి, ఒక్కసారే అచ్చు తీసే పద్ధతిని రూపొందించారు. రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఎలా వుంటాయి? అమ్మా, ఇది మీకు తెలిసిన విషయమే. పెనం మీద నూనె ఎక్కువైతే దోసె పిండి పరుచుకోదు. గరిటెతో పాటే లేచి వస్తుంది. అదే సూత్రం. ముందు సన్నని గాడుల్లోకి ఒక సిరా దట్టించి పైన తుడిచేస్తారు. తరువాత నూనె ఎక్కువ కలిపి పలచగా చేసిన రంగును గట్టి రోలరుతో దొర్లిస్తారు. గట్టి రోలరు చపాతీ కర్రలాగా ఎత్తుగా వున్నచోటనే తగులుతుంది. ఆ పైన నూనె తక్కువగా వున్న చిక్కటి రంగును మెత్తటి రోలరుతో దొర్లిస్తారు. మెత్తటిది గనుక అది పల్లాల్లోకి దిగుతుంది. అక్కడ చిక్కటి రంగు అంటుకుంటుంది. ఎత్తుల మీద మాత్రం నూనె ముందే వుంది కనుక అంటదు. ఇలా ఏ రంగు చోటు దానిదే. తరువాత కాగితం పరిచి ఒక్కసారి యంత్రంలో నొక్కితే అన్ని రంగులూ ఒకేసారి దిగుతాయి. నూనె ఒక్క చుక్క తేడా వస్తే రంగు తేడా వస్తుంది.

ఈ గుణాన్ని భౌతికశాస్త్రంలో స్నిగ్ధత అంటారు. మీ అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం పాఠంలోనే ఆ మాట వుంటుంది. బాబూ, నువ్వు కూడా వింటున్నావు గనుక చెబుతున్నాను. పుస్తకం పక్కన పడేసి మట్టి పట్టుకోవడం వల్ల శిల్పం రాదు. ప్రపంచం మెచ్చిన ఈ పద్ధతి వెనుక ఆ పాఠం వుంది.

ఆయన బొమ్మలు ఎలా వుంటాయి? 1963లో చేసిన 'సుడిగుండం' పేరుపొందినది. నడి మధ్య నుంచి గీతలు తిరుగుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచుల దాకా పాకుతాయి. నీటి బొట్టు ఎక్కడా గీయలేదు. నీరు తిరగడం మాత్రం కనిపిస్తుంది. అదే ఏడు 'అల' చేశారు. గింజ మొలకెత్తడాన్ని ఒక బొమ్మగా చేశారు. చెరువు గట్టున కూర్చుని రాయి వేసి తరగలు చూసిన ప్రతి పిల్లవాడికీ తెలిసినవే ఇవన్నీ. సుడిగుండానికి రూపం ఏది? క్షణానికొకటి. ఆ తిరుగుడు వెనుక వున్న పద్ధతిని పట్టుకోవాలని ఆయన తపన. అది ఒక పూటలో దొరికేది కాదు.

1968 మే నెలలో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చి తిరగబడ్డారు. కృష్ణారెడ్డి గారు ఆ ఏడే 'ప్రదర్శకులు' అనే బొమ్మ చేశారు. సన్నని మనిషి ఆకారాలు కిక్కిరిసి నిలబడి వుంటాయి. ఒక్కరి మొహం గుర్తుపట్టలేము. కాని గుంపు కదులుతున్నట్టు తెలుస్తుంది. రూపం వదిలేసినవాడు మనిషిని కూడా వదిలేశాడని అనుకోకూడదనడానికి ఇది చాలు.

రాతిని కూడా ఆయన విడిచిపెట్టలేదు. ఆస్ట్రియాలో సెయింట్ మార్గరెతెన్ అనే చోట పాత రాతిగనిలో నానా దేశాల శిల్పులు కూడి ఆరుబయట చెక్కుతుంటే వాళ్ళలో చేరారు. 1964లో కెనడాలోని మాంట్రియల్‌లో మౌంట్ రాయల్ కొండమీద అటువంటి సమావేశమే జరిగితే అక్కడా ఒక శిల్పం చెక్కారు. చిత్తూరు పల్లె పిల్లవాడి ఉలి పని కెనడా మంచులో నిలిచింది.

ఇప్పుడు చేదు చెబుతాను. మీరు అడిగిన అసలు ప్రశ్న అదే కదా: బతికాడా?

బతికారు. ముఖ్యంగా పాఠాలు చెప్పి బతికారు. మద్రాసులో పాఠాలు, పారిస్‌లో పాఠాలు. 1960ల మధ్య నుంచి హేటర్‌తో పాటు ఆ పనిశాల నిర్వహణ. 1976లో, యాభై ఒకటో ఏట, ఇరవై ఏళ్ళకు పైగా అలవాటైన వూరు విడిచి న్యూయార్క్ చేరారు. అక్కడి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ముద్రణ కళ బోధించారు. యాభై దాటాక మళ్ళీ కొత్త దేశం, కొత్త మనుషులు. చెప్పినంత తేలిక కాదు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. లండన్ వెళ్ళిన నాటినుంచి లెక్కపెడితే ఇరవై మూడేళ్ళ తరువాత! తన పద్ధతినంతా వివరించి 1988లో ఒక పుస్తకం ప్రచురించారు. తెలిసిన కిటుకు దాచుకోలేదు. అలీగఢ్‌లో పుట్టి పెద్ద కళాకారిణి అయిన జరీనా హష్మీ గారు 1960ల్లో ఆ పారిస్ పనిశాలలో పనిచేసినవారే. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వారు హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురి పనినీ ఒక్కచోట పెట్టి ప్రదర్శన జరిపారు. గురువు, శిష్యుడు, ఆ శిష్యుడి తరువాతి తరం. ఒక ఇంగ్లీషాయన, ఒక తెలుగాయన, ఒక ఉత్తరాది ఆడపడుచు. ముగ్గురూ సొంత వూరు వదిలినవారే. 2018 ఆగస్టు 22న, తొంభై మూడేళ్ళ వయసులో, న్యూయార్క్‌లోనే కృష్ణారెడ్డి గారు కన్నుమూశారు.

మన దేశపు పుస్తకాల్లో ఆయన పేరు వుంది. ప్రపంచపు మ్యూజియాల్లో ఆయన పని వుంది. కాని దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్ల మీద నిలబడి పదిమందిని అడగండి, ఈయన ఎవరని. అమెరికాలో కంపెనీ పెట్టిన తెలుగువాడి పేరు పదిమందీ చెబుతారు. ఈయన పేరు ఒక్కరు చెబితే గొప్ప. ఆ మెట్ల చుట్టూ వున్న కోచింగు బోర్డుల్లో పైదేశం వెళ్ళడానికి వంద దారులు రాసి వుంటాయి. ఈ దారి రాసి వుండదు. అందుకే మీకు ఇటువంటివాడు మనలో వున్నాడా అనే సందేహం వచ్చింది. తప్పు మీది కాదు.

ఇంకొక మాట. పైదేశం వెళితే శిల్పి అవుతాననుకుంటే అది పొరపాటు. కృష్ణారెడ్డి గారు లండన్ వెళ్ళేనాటికే శాంతినికేతనంలో ఏళ్ళు చదివి, మద్రాసులో రెండేళ్ళు పాఠం చెప్పి వున్నారు. చేతిలో పని పెట్టుకుని వెళ్ళారు. నాగోలు వైపు వెళ్ళే రోడ్డు పక్కన డేరాలు వేసుకుని వినాయక విగ్రహాలు చేసే రాజస్థాన్ కుటుంబాలను మీ అబ్బాయి చూసే వుంటాడు. వాళ్ళూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. ఎండలో, వానలో అచ్చులు పోసి, ఎండబెట్టి, రంగులు వేస్తారు. ఒక రోజు వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోమనండి. ఒక పెద్ద విగ్రహం లోపల వెదురు ఎక్కడ పెడతారో, నార ఎందుకు కలుపుతారో, బరువు ఎటు పడుతుందో చూడమనండి. రూపం లేని బొమ్మకైనా బరువు వుంటుంది. అది నిలబడాలి కదా.

ఇక మీరు చేయవలసినవి. మొదటిది, కట్టిన ఫీజు ఎలాగూ కట్టారు. ఇంటర్ మంచి మార్కులతో గట్టెక్కమనండి. ఆ పరీక్ష పోతే రెండు దారులూ పోతాయి. రెండవది, మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వుంది. అక్కడ బి.ఎఫ్.ఎ. నాలుగేళ్ళ చదువు. అందులో శిల్పం ఒక శాఖ. ఇంటర్ పాసైనవాళ్ళు రాయవచ్చు. ప్రవేశ పరీక్ష వేరే వుంటుంది, బొమ్మ వేసి చూపించాలి. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి లకడీకాపూల్‌లో దిగితే అక్కడికి ఎంతో దూరం లేదు. మీవారూ, మీరూ, అబ్బాయీ ముగ్గురూ ఒకసారి వెళ్ళి చూడండి. ఫీజు ఎంతో, చదివి వెళ్ళినవాళ్ళు ఏం పనుల్లో వున్నారో అక్కడే అడగండి. నా మాట మీద, ఇంకొకరి మాట మీద నిర్ణయించవద్దు. ఇంజనీరింగు పరీక్ష, ఈ పరీక్ష రెండూ రాయనివ్వండి.

మూడవది, వాడికి ఒక షరతు పెట్టండి. రోజూ పాఠాలు ముగిశాక ఒక గంట మట్టి. కాని రోజుకొక బొమ్మ చేయకూడదు. ఆ గింజ బొమ్మ వుంది కదా, దాన్నే నెల రోజులు చెరిపి, మళ్ళీ మళ్ళీ చేయాలి. ఒక గిన్నెలో నాలుగు పెసలు నానబోసి, రోజూ మొలకను చూసి చేయాలి. నెలైన తరువాత కూడా విసుగు పుట్టకపోతే పిల్లవాడిలో విషయం వుందన్నమాట. విసుగు పుడితే మీరు చెప్పనక్కరలేదు, వాడికే తెలుస్తుంది. ఆ ఓపిక లేకుండా ఈ విద్యలో ఎవరూ పైకి రాలేదు.

నాలుగవది, మీ మరిది గారికి ఈ పేజీ చదివి వినిపించండి. ఈసారి వచ్చినప్పుడు బొమ్మ చూసి నవ్వు వస్తే నవ్వవచ్చు. కాని నవ్వేముందు దాన్ని చుట్టూ తిరిగి ఒకసారి చూడమనండి. పిల్లవాడు అడుగుతున్నది అంతే.

మాసబ్ ట్యాంక్ వెళ్ళివచ్చిన తరువాత అక్కడ ఏం చెప్పారో మళ్ళీ ఉత్తరం రాయండి. ఇటువంటి పిల్లలున్న ఇళ్ళు ఇంకా చాలా వున్నాయి. వాళ్ళకూ పనికివస్తుంది.